అదుపు చేసేవాడు లేని అదుపు: అనాత్మ దృష్టితో నిగ్రహాన్ని సాధన చేయడం ఎలా

తెలుగులో ‘ఆత్మనిగ్రహం’ అనే మాటను విడదీసి చూస్తే అందులోనే ఒక చిక్కుముడి కనిపిస్తుంది. నిగ్రహించేది ఎవరు, నిగ్రహానికి లోబడేది ఎవరు? రెండూ ఒకటే అయితే, కత్తి తన్ను తాను కోసుకోలేదన్నట్లు, ఆత్మ తన్ను తాను పట్టి నిలపలేదు. రెండూ వేరువేరైతే వాటిలో దేన్ని ఆత్మ అనాలో తేలదు. బౌద్ధం దగ్గరికి వచ్చేసరికి ఈ ముడి ఇంకా బిగిసినట్లు తోస్తుంది. ఇంద్రియాలను కాపాడుకోవాలని, చిత్తాన్ని దారికి తెచ్చుకోవాలని ఆ ధర్మం అడుగడుగునా చెబుతుంది; దారికి తెచ్చేవాడంటూ లోపల శాశ్వతమైన ఆత్మ ఏదీ లేదని కూడా అదే నోటితో చెబుతుంది. ఆచార్య నాగార్జునుడు ఒక శాతవాహన రాజుకు రాసినట్లు సంప్రదాయం చెప్పే లేఖలో, దాదాపు 120 శ్లోకాల ఆ చిన్న రచనలో, ఈ రెండు మాటలూ ఉన్నాయి. చంచలమైన ఇంద్రియాలను గెలిచినవాడు యుద్ధంలో శత్రుసేనను గెలిచినవాడి కంటే గొప్ప శూరుడని ఒకచోట, రూపం, అంటే ఈ శరీరం, ఆత్మ కాదని మరొకచోట ఆయన ఆ రాజుకు చెప్పాడు. ఆ లేఖ సంస్కృత మూలం నేడు లేదు. టిబెటన్, చైనా భాషల అనువాదాల్లోనే అది మనకు మిగిలింది.

ఈ రెండు బోధలకూ వైరుధ్యం లేదని, రెండోది అర్థమైనకొద్దీ మొదటిది ఆచరణకు అందుతుందని చెప్పడమే నా ఉద్దేశం. అందుకు ఒకే ఒక్క అలవాటును ఉదాహరణగా తీసుకుంటాను. రాత్రి పదిన్నరకు పడుకుందామని ఫోను చేతిలోకి తీసుకుని, పన్నెండు దాటేదాకా వేలితో తెరను పైకి తోస్తూ ఉండిపోవడం నాకు చాలాకాలం ఉన్న అలవాటు. మీరు మీ అలవాటును, అది కోపమైనా, తీపి తిండి అయినా, పని వాయిదా వేయడమైనా, దాని స్థానంలో పెట్టుకుని చదవవచ్చు. అయితే మద్యానికి, మాదకద్రవ్యాలకు బానిసైనవారు, ‘నేనే లేనేమో’ అన్న భావన ఇప్పటికే భయంగా, శూన్యంగా వెంటాడుతున్నవారు దీన్ని ఒంటరిగా ప్రయత్నించకుండా ముందు వైద్యులను కలవాలి.

అనాత్మ అంటే ఏమిటో ముందు సరిచూసుకోవాలి

వారణాసి దగ్గరి ఇసిపతనంలో, అంటే నేటి సారనాథ్‌లో, బుద్ధుడు తన మొదటి ఐదుగురు శిష్యులకు చేసిన రెండో ఉపదేశానికి అనత్తలక్ఖణ సుత్తం అని పేరు. అందులోని తర్కం చాలా సూటిగా ఉంటుంది. ఈ శరీరం ఆత్మే అయి ఉంటే అది బాధకు లోనయ్యేది కాదు. ‘నా శరీరం ఇలా ఉండుగాక, ఇలా ఉండకుండుగాక’ అని శాసించే వీలుండేది. అలా శాసించే వీలు లేదు కనుక అది ఆత్మ కాదు. మనిషిని బౌద్ధం ఐదు స్కంధాలుగా, అంటే ఐదు భాగాలుగా, విడదీసి చూస్తుంది. వేదన (అనుభూతి), సంజ్ఞ (గుర్తుపట్టడం), సంస్కారాలు (మనసులోని సంకల్పాలు), విజ్ఞానం (ఎరుక) అనే మిగిలిన నాలుగు స్కంధాల విషయంలోనూ ఆయన ఇదే మాటను తిరిగి చెప్పాడు. ఈ తర్కమంతా అదుపు అనే ఒక్క అంశం మీద నిలబడి ఉందని గమనించండి. అనాత్మ బోధ పుట్టుకలోనే నిగ్రహం ప్రశ్న ఉంది.

బుద్ధుడి ఉపదేశాల పాళి సంకలనాలను నికాయాలంటారు. వాటిలో ఒకటైన మజ్ఝిమ నికాయం 35వ సుత్తంలో, అంటే ఉపదేశంలో, ఈ విషయం మరింత స్పష్టంగా కనిపిస్తుంది. వైశాలిలో సచ్చకుడనే వాదప్రియుడు లిచ్ఛవులను వెంటబెట్టుకుని వచ్చి, రూపమే నా ఆత్మ, వేదనే నా ఆత్మ అని వాదిస్తాడు. కోసల రాజు పసేనది వంటి ఏలిక తన రాజ్యంలో శిక్షించదగినవాణ్ని శిక్షించగలడా, వెళ్లగొట్టదగినవాణ్ని వెళ్లగొట్టగలడా అని బుద్ధుడు అడుగుతాడు. గలడని సచ్చకుడు ఒప్పుకుంటాడు. ‘మరి నీ రూపం మీద నీకు అటువంటి అధికారం ఉందా?’ అన్న ప్రశ్నకు మాత్రం అతడు రెండుసార్లు మౌనంగా ఉండిపోతాడు. మనలో చాలామందిమి ఆ సచ్చకుడి స్థానంలోనే ఉన్నాం. లోపల ఒక రాజు కూర్చుని ఉన్నాడని, ఆయన గట్టిగా ఆజ్ఞాపిస్తే ఫోను పక్కన పెట్టేయడం జరిగిపోతుందని నమ్ముతాం. ఆజ్ఞ చెల్లని రోజున ఆ రాజు బలహీనుడని తిట్టుకుంటాం. ఆ సింహాసనం మీద ఎవరైనా ఉన్నారా అని మాత్రం చూడం.

చూడడానికి ఐదు నిమిషాలు చాలు. కుర్చీలో గానీ చాప మీద గానీ నిటారుగా కూర్చుని, గడియారం పెట్టుకుని, ‘ఈ ఐదు నిమిషాలూ ఏ ఆలోచనా రాకూడదు’ అని మనసుకు ఆజ్ఞ ఇవ్వండి. కొన్ని క్షణాల్లోనే ఏదో ఒకటి వస్తుంది. దాన్ని మీరు పిలిచారా? ఫలానా ఆలోచన రావాలని ముందుగా ఎంచుకున్నారా? మోకాలి నొప్పిని, దురదను ఇష్టప్రకారం రప్పించి పంపించగలిగారా? ఈ ప్రయోగాన్ని మూడు నాలుగు రోజులు చేయండి. అనాత్మను సిద్ధాంతంగా నమ్మవలసిన పని లేదు. శాసనాధికారం లేదన్న సంగతి మీకు మీరే కనిపెడితే చాలు. బుద్ధుడు కూడా ఆ ఐదుగురిని నమ్మమని అడగలేదు, ‘ఇది నిత్యమా అనిత్యమా?’ అని ఒక్కొక్కటిగా ప్రశ్నించి వారి చేతనే చెప్పించాడు.

ఆజ్ఞాపించడం మాని, పొదగడం నేర్చుకోవాలి

శాసించలేమని తేలిన తరువాత చేతులు ముడుచుకుని కూర్చోవలసిందేనా అన్న ప్రశ్న వస్తుంది. దీనికి సంయుత్త నికాయంలో ఒక అందమైన జవాబు ఉంది. ఎనిమిదో పదో పన్నెండో గుడ్లు ఉన్న కోడి వాటి మీద సరిగా కూర్చుని పొదగకపోతే, ‘పిల్లలు క్షేమంగా బయటికి రావాలి’ అని అది ఎంత కోరుకున్నా రావు. సరిగా పొదిగితే, ఆ కోరిక దానికి లేకపోయినా పిల్లలు పెంకు పగలగొట్టుకుని వస్తాయి. మరోచోట బుద్ధుడు, పాల కోసం ఈనిన ఆవు కొమ్మును పిండేవాడికి, దాని పొదుగును పిండేవాడికి ఉన్న తేడాను ఇదే అర్థంలో చెబుతాడు. కోరిక తీవ్రత ఫలితాన్ని నిర్ణయించదు, హేతువుల అమరిక నిర్ణయిస్తుంది.

‘రేపటి నుంచి రాత్రిపూట ఫోను ముట్టను’ అనే సంకల్పం చాలాసార్లు ఆవు కొమ్మును పిండడమే అవుతుంది. అందులో సంకల్పించే రాజు ఉన్నాడు గానీ హేతువులు లేవు. ధమ్మపదంలో ఒక గాథ, కాలువలు తీసేవారు నీటిని నడిపిస్తారని, అమ్ములు చేసేవారు అమ్మును సరిచేస్తారని, వడ్రంగులు కొయ్యను మలుస్తారని, పండితులు తమను తాము దిద్దుకుంటారని చెబుతుంది. ఆ పోలికల్లో ఎవరూ ఆజ్ఞతో పని చేయించుకోవడం లేదు. నీరు పల్లానికే పోతుందని తెలిసినవాడే కాలువ తీయగలడు.

ఇక్కడ మరొక అపోహ తొలగించుకోవాలి. ‘తనకు తానే నాథుడు’ అని ధమ్మపదం 160వ గాథ అంటున్నది కదా, మరి ఆత్మ ఉన్నట్లే కదా అని కొందరు అడుగుతారు. పాళిలో ‘అత్తా’ అనే పదానికి ‘ఆత్మ’ అనే తాత్త్వికార్థంతో పాటు మన ‘తాను’ వంటి సాధారణార్థం కూడా ఉంది. తెలుగువారికి ఇది తేలికగా అర్థం కావాలి. ‘తన పని తాను చేసుకుంటున్నాడు’ అన్నప్పుడు మనం శాశ్వతమైన ఆత్మను ప్రతిపాదించడం లేదు. నిగ్రహంలోని ‘ఆత్మ’ కూడా ఈ ‘తాను’ మాత్రమే.

గొలుసును కాగితం మీద పెట్టడం

పని ఇక్కడి నుంచి మొదలవుతుంది. మొదటి వారం అలవాటును మార్చే ప్రయత్నం ఏదీ చేయకుండా, అది ఎలా జరుగుతోందో మాత్రం ఒక చిన్న పుస్తకంలో రాయండి. ఒకటి హేతువుగా మరొకటి పుట్టే గొలుసును బౌద్ధం ప్రతీత్యసముత్పాదం అంటుంది. అందులోని నాలుగు లంకెలు ఇందుకు సరిపోతాయి: స్పర్శ (ఇంద్రియానికి ఏదైనా తగలడం), వేదన, తృష్ణ (కావాలనిపించడం), ఉపాదానం (పట్టుకుని వదలకపోవడం). వీటిలో ‘వేదన’ అనే మాట దగ్గర తెలుగు పాఠకులు ఒక్క క్షణం ఆగాలి. మన వాడుకలో వేదన అంటే దుఃఖమే. పాళిలో మాత్రం స్పర్శ కలిగిన వెంటనే పుట్టే సుఖమైన, దుఃఖమైన, రెండూ కాని అనుభూతి ఏదైనా వేదనే. ఈ తేడా తెలియక చాలామంది సుఖవేదనను గమనించడమే మానేస్తారు, అలవాటును పోషించేది ఎక్కువగా అదే అయినప్పటికీ.

రాసేటప్పుడు ‘నేను’ అనే కర్త లేకుండా రాయండి. ఈ విషయంలో తెలుగు మనకు గొప్ప మేలు చేసింది. మనం ‘నేను ఆకలించాను’ అనం, ‘ఆకలి వేసింది’ అంటాం. కోపం వస్తుంది, నిద్ర పడుతుంది, నవ్వు వస్తుంది, తినబుద్ధి అవుతుంది, ఏదో తోస్తుంది. ఇవన్నీ మనిషికి వచ్చేవే, మనిషి చేసేవి కావు. ఆ మనిషి కూడా ‘నాకు’ అనే రూపంలో పక్కన నిలబడతాడు. ఆ ‘నాకు’ను తీసేసినా వాక్యానికి లోటుండదు. నిత్యం మాట్లాడే వాక్యాల్లోనే అనాత్మ అనుభవానికి ఇంత దగ్గరి దారి ఉందని గుర్తించిన రోజు నాకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు.

నా పుస్తకంలోని ఒక రాత్రి ఇలా ఉంది: ‘పదీ నలభై. పక్క మీద ఒరిగాక గది నిశ్శబ్దంగా అనిపించింది. రేపటి పని గుర్తుకొచ్చింది. పొట్టలో చిన్న బిగువు, దుఃఖవేదన. చేయి ఫోను వైపు వెళ్లింది. తెర వెలగగానే బిగువు సడలింది, సుఖవేదన. ఇంకొకటి చూడాలనిపించింది.’ నాలుగైదు రాత్రులు ఇలా రాసేసరికి, నన్ను పట్టి ఉంచుతున్నది ఫోను మీది ఇష్టమని ఇన్నాళ్లూ అనుకున్నది పొరపాటని, మర్నాటి పని గురించిన బిగువును తప్పించుకోవడమే అసలు హేతువని తెలిసింది. ఎన్ని సంకల్పాలు చెప్పుకున్నా ఈ సంగతి నాకు తెలిసేది కాదు.

వేదనకు, తృష్ణకు మధ్య

రెండో వారం నుంచి ఒక్కచోట మాత్రమే జోక్యం చేసుకోవాలి. స్పర్శ, వేదన మన చేతిలో ఉండవు. ఉపాదానం దాకా వెళ్లాక ఆపడం చాలా కష్టం. వేదన పుట్టి, అది ‘కావాలి’గా గానీ ‘వద్దు’గా గానీ మారేలోపు ఉన్న ఆ కొద్దిపాటి జాగాలోనే సాధన అంతా ఉంది. చేయి ఫోను వైపు కదిలినప్పుడు దాన్ని తిట్టకుండా, వెనక్కి లాక్కోకుండా, మూడు శ్వాసల పాటు అక్కడే ఆగనివ్వండి. ఆ అనుభూతి శరీరంలో ఎక్కడ ఉందో వెతకండి: గొంతులోనా, ఛాతీలోనా, అరచేతిలోనా? సుఖమా, దుఃఖమా, రెండూ కాదా? తరువాత బుద్ధుడు స్కంధాల గురించి చెప్పమన్న మూడు వాక్యాలను దానికి అన్వయించండి: ‘ఇది నాది కాదు, ఇది నేను కాదు, ఇది నా ఆత్మ కాదు.’ మంత్రంలా వల్లించడం వల్ల ప్రయోజనం లేదు. పొట్టలోని బిగువును చూస్తూ అంటేనే ఆ మాటలకు బలం వస్తుంది.

‘నాకు ఫోను కావాలి’ అన్నప్పుడు ఆ కోరికను కాదనడమంటే నన్ను నేను కాదనడమే అవుతుంది, అందుకే అంత బాధగా ఉంటుంది. ‘కావాలనిపించడం ఒకటి పుట్టింది’ అన్నప్పుడు అది వచ్చిపోయే చుట్టంలాంటిది; దానికి కూర్చోవడానికి చోటివ్వవచ్చు, ఇల్లు రాసివ్వనక్కరలేదు. నా అనుభవంలో మొదటి పది పదిహేను రాత్రుల్లో ఆ మూడు శ్వాసలు ఐదారుసార్లు మాత్రమే గుర్తుకొచ్చాయి. అది వైఫల్యం కాదు. స్మృతి కూడా హేతువుల వల్ల పుట్టేదే, పిలిస్తే వచ్చేది కాదు.

బలప్రయోగం వంతు చివరిది

ఆగినా తీరని ఆలోచనలు ఉంటాయి. వాటికి మజ్ఝిమ నికాయం 20వ సుత్తం ఐదు ఉపాయాలను వరుసక్రమంలో చెబుతుంది. నేర్పరి అయిన వడ్రంగి సన్నని చీలతో మోటు చీలను కొట్టి తీసినట్లు, మరొక మంచి విషయాన్ని మనసులో పెట్టడం మొదటిది. నేను రేపటి పనిలో మొదటి అడుగేమిటో ఒక్క వాక్యంగా కాగితం మీద రాసిపెట్టడం ప్రారంభించాను. బిగువుకు కారణం అదే కనుక ఈ చీల బాగా పనిచేసింది. దానితో తీరకపోతే ఆ ఆలోచన వల్ల కలిగే నష్టాన్ని తలచుకోవాలి. అలంకారప్రియులైన యువతీయువకుల మెడలో పాము కళేబరాన్నో కుక్క కళేబరాన్నో వేలాడదీస్తే వారు ఎలా రోసిపోతారో అలా రోయాలని అక్కడి పోలిక. ఈ రెండో ఉపాయాన్ని జాగ్రత్తగా వాడాలి. రోత ఆలోచన మీద కలగాలి గానీ తన మీద కలగకూడదు.

మూడోది, చూడకూడనిది ఎదురైతే కళ్లు మూసుకునేవాడిలా, దాన్ని పట్టించుకోకపోవడం. 1960ల చివర, 1970ల మొదట్లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో వాల్టర్ మిషెల్ చిన్నపిల్లల ముందు మిఠాయి పెట్టి, కాసేపు ఓపిక పడితే ఎక్కువ ఇస్తామని చెప్పి చేసిన ప్రయోగాల్లో, కళ్లు మూసుకున్న, పక్కకు తిరిగిన, పాటలు పాడుకున్న పిల్లలు ఎక్కువసేపు ఆగగలిగారు. మిఠాయిని తదేకంగా చూస్తూ పోరాడడం వారికి కలిసి రాలేదు. నాలుగోది, ఆలోచనను నడిపిస్తున్న వేగాన్ని అంచెలంచెలుగా తగ్గించడం. వేగంగా నడిచేవాడు ‘ఎందుకింత వేగం?’ అనుకుని మెల్లగా నడిచి, తరువాత నిలబడి, కూర్చుని, చివరికి పడుకున్నట్లు అన్నమాట.

పళ్లు బిగించి, నాలుకను అంగిలికి నొక్కి, మనసుతో మనసును అణచడం ఐదోది, అంటే చిట్టచివరిది. మిగతా నాలుగూ విఫలమైతేనే దాని వంతు వస్తుంది. మనం నిగ్రహం అనగానే మొట్టమొదట ఈ ఐదోదానికే దిగుతాం, అలసిపోతాం, ఆపై నిగ్రహమే మనకు లేదని తేల్చేసుకుంటాం. ఈ వరుసను తలకిందులు చేసుకోవడం కంటే పెద్ద పొరపాటు ఈ సాధనలో నాకు కనిపించలేదు.

గుంజ, కర్ర

రాత్రి పదిన్నరకు చేసే సాధన ఆ సమయంలోనే బలపడదు. సంయుత్త నికాయంలో పాము, మొసలి, పక్షి, కుక్క, నక్క, కోతి అనే ఆరు జంతువులను కలిపి ముడివేస్తే ఏ జంతువు బలంగా ఉంటే అది మిగతావాటిని తనవైపే ఈడ్చుకుపోతుందని, గట్టి గుంజకు కట్టేస్తే అలసిపోయి అక్కడే పడుకుంటాయని ఒక పోలిక ఉంది. ఆ గుంజ కాయగతాస్మృతి, అంటే శరీరాన్ని ఆనుకున్న ఎరుక. ఉదయం పదిహేను నిమిషాలు శ్వాసను గమనిస్తూ కూర్చోవడం, పగలు నడిచేటప్పుడు పాదాలు నేలకు తగలడాన్ని గమనించడం, ఇవి గుంజను పాతే పనులు. పాతకుండానే రాత్రి జంతువులను కట్టబోవడం వృథాశ్రమ.

పరిసరాలను సర్దుకోవడానికి వెనుకాడవద్దు. ఫోనును వంటింట్లో ఛార్జింగుకు పెట్టి పడకగదికి రావడం చేతకానితనం అనుకునేవారున్నారు. లోపల ఒక రాజు ఉన్నాడనుకుంటేనే అది చేతకానితనంగా కనిపిస్తుంది. వానకారు చివరి నెలలో పైరు ఏపుగా ఉన్నప్పుడు పశువుల కాపరి కర్రతో అటూ ఇటూ అదిలిస్తూ గొడ్లను కాస్తాడని, కోతలై పంట ఊరికి చేరాక చెట్టు కింద కూర్చుని ‘అవిగో నా పశువులు’ అని ఎరుకతో ఉంటే చాలని బుద్ధుడు తన సాధనాకాలాన్ని గురించి చెబుతూ అన్నాడు. కర్రను ఎప్పుడు వాడాలో, ఎప్పుడు పక్కన పెట్టాలో చూపే ఈ పోలిక వ్యవసాయం తెలిసిన మనకు విడమరిచి చెప్పనక్కరలేనిది. ఫోను వంటింట్లో ఉండడం నా కర్ర.

తప్పిన రాత్రి

తప్పిన రాత్రి రెండు తప్పుదారులు ఎదురవుతాయి. ‘ఆత్మే లేదు కదా, ఇక తప్పు ఎవరిది?’ అన్నది ఒకటి. అంగుత్తర నికాయంలో ఒక బ్రాహ్మణుడు బుద్ధుడి దగ్గరికి వచ్చి, చేసేవాడంటూ తాను గానీ పరుడు గానీ లేడన్నది తన వాదమని చెబుతాడు. తనంతట తాను అడుగు ముందుకు వేస్తూ, వెనక్కి వేస్తూ అలా ఎలా అనగలవని బుద్ధుడు అతణ్ని నిలదీస్తాడు. ప్రయత్నాన్ని ఆరంభించడమనే ధాతువు, అంటే మూలశక్తి, ఉందని, పరాక్రమించడమనే ధాతువు ఉందని గుర్తుచేస్తాడు. అనాత్మను సాకుగా వాడుకునేవారికి ఇంతకంటే నేరుగా చెప్పిన జవాబు లేదు. లేనిది శాసించే రాజు; ప్రయత్నం ఉంది, దాని ఫలితం ఉంది.

రెండో తప్పుదారి తనను తాను హింసించుకోవడం. ‘నేనెందుకు ఇలాంటివాణ్ని?’ అన్న ప్రశ్నకు జవాబు ఉండదు, అది ‘నేను’ను మరింత గట్టిపరుస్తుంది. బుద్ధుడు తన కుమారుడు రాహులుడిని అద్దం దేనికని అడిగి, చూసుకోవడానికి అద్దం ఉన్నట్లు ప్రతి పనినీ చేయబోయే ముందు, చేస్తుండగా, చేసిన తరువాత తిరిగి తిరిగి చూసుకోమన్నాడు. తప్పు జరిగితే విజ్ఞులైన వారి దగ్గర దాన్ని విప్పి చెప్పి, ముందుముందు సంయమనంతో ఉండమన్నాడు. మర్నాడు ఉదయం పుస్తకం తెరిచి, ‘నిన్న ఏ హేతువు అదనంగా చేరింది?’ అని రాయండి. నా పుస్తకంలో అలాంటి జవాబులు చాలావరకు సాదాసీదావే: సాయంత్రం టీ ఆలస్యంగా తాగడం, ఇంట్లో ఒక మాటా మాటా పెరగడం, ఫోను ఛార్జరు పడకగదిలోకి రావడం. ఛార్జరును తిరిగి వంటింట్లో పెట్టవచ్చు. ‘ఇలాంటివాణ్ని’ అన్నదాన్ని ఎక్కడా పెట్టలేం.

నెగ్గిన రాత్రి

తప్పిన రాత్రి కంటే వరుసగా నెగ్గిన రాత్రులే నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టాయి. కోసంబిలో ఖేమకుడనే భిక్షువు జబ్బుపడి ఉన్నప్పుడు, పంచస్కంధాల్లో దేన్నీ ఆత్మగా చూడడం లేదని, అయినా ‘నేను ఉన్నాను’ అనే భావన ఇంకా తొలగలేదని పెద్ద భిక్షువులకు చెప్పి పంపాడు. ఆ మాటకు వివరణ అడిగేసరికి జబ్బుతోనే కర్ర ఊతగా వారి దగ్గరికి వెళ్లి ఒక పోలిక చెప్పాడు. చాకలి మురికి బట్టను చౌడుతోనో క్షారంతోనో ఆవుపేడతోనో రుద్ది, తేటనీటిలో జాడిస్తాడు. మురికి పోతుంది, కానీ ఆ చౌడు వాసన, క్షారం వాసన బట్టను పట్టుకునే ఉంటాయి. సుగంధం నిండిన పెట్టెలో కొంతకాలం ఉంచితే గానీ ఆ వాసన పోదు. శుభ్రం చేసినదాని వాసనే మిగిలిపోతుందన్న ఆ మాట నిగ్రహం విషయంలో అక్షరాలా నిజం.

నా పుస్తకంలో ఒక పేజీ మీద ‘నేను పన్నెండు రాత్రులు గెలిచాను’ అని పెద్ద అక్షరాలతో రాసి ఉంది. పదమూడో రాత్రి, గెలిచినవాడికి ఒక్క పది నిమిషాలు చూసే హక్కు ఉందనిపించి, ఒంటిగంట దాకా చూశాను. మర్నాడు ఆ వాక్యాన్ని అడ్డంగా కొట్టేసి, కింద ఇలా రాసుకున్నాను: ‘పన్నెండు రాత్రులు ఫోను వంటింట్లో ఉంది. నిద్ర పట్టింది.’